నార్వే భాషలో కష్టమెక్కడ?

నార్వేజియన్ కఠినమని వాపోయేవారు సాధారణంగా ఆ దోషాన్ని వ్యాకరణంపై మోపుతారు. ఇది అన్యాయం. ఆ భాషలో క్రియకు నేను, నీవు, వారు అనే భేదమే లేదు, కాలమొక్కటైతే రూపమొక్కటే. నిశ్చయార్థక ప్రత్యయం తెలుగు విభక్తివలె నామం చివరనే చేరుతుంది: ‘హూస్’ అంటే ఇల్లు, ‘హూసె’ అంటే ఆ ఇల్లు. నామాల లింగాలను వల్లెవేయక తప్పదనుకోండి. అదేమంత పెద్ద శిక్ష కాదు.

చిక్కంతా పుస్తకం మూసి వీథిలోకి వచ్చినప్పుడే. ‘నేను’ అనడానికి పాఠ్యపుస్తకం ‘యై’ అని నేర్పుతుంది. బెర్గెన్‌లో ‘ఏగ్’ వినిపిస్తుంది. ఉత్తరాన ట్రోమ్సోలో ఒక్క అచ్చుతో సరిపెడతారు. ఏది సాధువని అడిగితే అన్నీ సాధువులే! ఇది అలసత్వం కాదు. 1814 వరకు డెన్మార్కు ఏలుబడిలో డేనిష్‌లోనే వ్రాసుకున్న ఆ జాతికోసం ఈవార్ ఓసెన్ పల్లెల పలుకులు సేకరించి 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు వెలువరించాడు. 1885లో శాసనసభ ఆ భాషకు, డేనిష్ నుంచి సంక్రమించిన వ్రాతభాషతో సమానస్థాయి కల్పించింది. నేటికీ వ్రాతరూపాలు రెండు. ఉచ్చారణకు మాత్రం అధికారిక ప్రమాణమంటూ లేదు. శాసనసభలో సైతం ఎవరి యాస వారిదే.

తెలుగునాట గిడుగువారి ఉద్యమం వ్యావహారికాన్ని గెలిపించింది. కాని గ్రంథాలకెక్కిన వ్యావహారికం ప్రధానంగా కృష్ణా గోదావరి మండలాలది. కళింగాంధ్రపు, తెలంగాణపు పలుకుబడి చాలాకాలం వెండితెరపై నవ్వులాటకు మిగిలింది. తెలుగు నేర్వవచ్చిన పరదేశికి ఆ మేరకు శ్రమ తగ్గిందేమో! నార్వేవారు ఆ శ్రమను పల్లె పిల్లవానిపై మోపక పరదేశిపైనే ఉంచారు. అదే న్యాయం. ఓస్లోలో ఏడాది చదివినవాడు పడమటి తీరపు జాలరి ముందు మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిందే.