పదిమంది వద్దు, ఒక్కరు చాలు



క్రిస్మస్ దగ్గర పడిందంటే మా వార్డుల్లో ఒక వాదన ప్రతి సంవత్సరం తప్పదు. మంచం మీద ఆయాసంతో ఒక అవ్వ ఉంటుంది. ఆమెను చూడటానికి పాములపాడు, వెలుగోడు, ఆత్మకూరు వైపు నుండి ఆటో నిండా బంధువులు దిగుతారు. చంకన పిల్లలు, దగ్గుతున్నవారు, హైదరాబాదు నుండి రాత్రి బస్సులో వచ్చి ఆ ఉదయమే దిగినవారు, అందరూ ఒక్కసారిగా మంచం చుట్టూ నిలబడతారు. "ఒక్కొక్కరే రండి" అని మేము అంటే, "పండుగనాడు కూడా ఇదేం రూలు సిస్టరమ్మా, మా అవ్వను మేము చూసుకోకూడదా?" అని కోపపడతారు. సాయంత్రానికి ఆటో వెళ్ళిపోతుంది. రాత్రి అవ్వ నీళ్ళు అడిగితే అందించడానికి పక్కన సొంతవారు ఎవరూ ఉండరు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. రోగి దగ్గరకు పదిమంది రావలసిన అవసరం లేదు. ఒక్కరు చాలు. కాని ఆ ఒక్కరు తప్పక ఉండాలి. ఈ రెండు మాటల్లో ఏది విడిచిపెట్టినా నష్టమేనని 2020లో మేము నేర్చుకున్నాము. ఆ పాఠం కొంత మన దగ్గరే నేర్చుకున్నాము, కొంత దూరాన ఉన్న ఇశ్రాయేలు దేశాన్ని చూసి నేర్చుకున్నాము.

ఒక కూతురి ఫోను

ఆ దేశపు సంగతి మాకు ఒక తల్లి ద్వారా తెలిసింది. పాములపాడు దగ్గరి పల్లె నుండి షుగరు మందుల కోసం ఆమె మా దగ్గరకు వచ్చేది. ఆమె కూతురు ఇశ్రాయేలులో ఒక వృద్ధురాలి ఇంట్లోనే ఉండి, ఆమెను చూసుకునే పని చేసేది. కేర్‌గివర్ అంటారు. ఈ పని తెలుగువారికి కొత్త కాదు. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగర్ వైపు నుండి, గోదావరి జిల్లాల నుండి ఎంతోమంది ఈ పని మీద అక్కడికి వెళ్ళారు. 2023 నాటికి ఇశ్రాయేలులో సుమారు 18 వేలమంది భారతీయులు ఉండగా, వారిలో ఎక్కువమంది ఇలా వృద్ధులకు సేవచేసేవారే. లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, వేళకు మందులు ఇవ్వడం, చేయి పట్టుకుని నడిపించడం వీరి పని. నర్సులమైన మాకు ఆ పని ఎంత బరువో తెలుసు.

2020 ఏప్రిల్‌లో ఆ తల్లి మందులకు వచ్చినప్పుడు ఫోనులో కూతురు చెప్పిన సంగతి మాకు చెప్పింది. "ఏటా పస్కా రాత్రి ఆ ముసలమ్మ ఇంటికి కొడుకులు, కోడళ్ళు, మనుమలు ఇరవైమంది వచ్చేవారంట. ఈసారి నా బిడ్డ, ఆ ముసలమ్మ ఇద్దరే కూచున్నారంట సిస్టరమ్మా. బయట వీధిలో కుక్క కూడా లేదంట."

ఆ రాత్రి అలా ఎందుకు జరిగిందో చెప్పాలంటే ఒక నెల వెనక్కు వెళ్ళాలి. 2020 మార్చి 9, 10 తేదీల్లో అక్కడ పూరీము పండుగ జరిగింది. ఎస్తేరు గ్రంథంలో చదివే పండుగే అది. అప్పటికి రోగం దేశంలో అడుగుపెట్టింది గాని జనానికి దాని భయం ఇంకా రాలేదు. విందులకు, ప్రార్థనలకు గుంపులుగా చేరారు. తరువాతి వారాల్లో కేసులు పెరిగాయి. పెద్ద కుటుంబాలు ఇరుకు ఇళ్ళలో ఉండే బ్నేయి బ్రాక్ పట్టణాన్ని ఏప్రిల్ మొదట్లో చుట్టూ పోలీసులను పెట్టి మూసివేయవలసి వచ్చింది. అందుకే ఏప్రిల్ 8న పస్కా వచ్చేసరికి ప్రభుత్వం కఠినంగా ఉన్నది. ఊరి నుండి ఊరికి ప్రయాణం ఆపారు. మరునాటి ఉదయం 7 గంటల వరకు గడప దాటవద్దన్నారు. ఒకే ఇంట్లో ఉండేవారు మాత్రమే కలిసి భోజనం చేయాలన్నారు.

పస్కా అంటే యూదులకు బంధువులందరూ ఒక బల్ల చుట్టూ చేరే రాత్రి. మనకు క్రిస్మస్ మధ్యాహ్నం భోజనాలు ఎలాగో వారికి అది అలాగు. ఆ రాత్రి బల్ల దగ్గర వృద్ధులు ఒంటరిగా ఉండకూడదని కొందరు రబ్బీలు వీడియో ఫోను వాడుకోవచ్చన్నారు. పండుగనాడు యంత్రాలు ముట్టకూడదని మరికొందరు పెద్దలు ఒప్పుకోలేదు. అంటే ఈ ప్రశ్న అక్కడ కూడా తేలికగా తెగలేదు. కాని ఒక విషయంలో వారి ధర్మశాస్త్ర పండితులకు భేదం లేదు. ప్రాణం కాపాడటానికి విశ్రాంతి దినపు నియమాన్ని సహితం పక్కన పెట్టవచ్చు, పెట్టవలసిందే. దీనిని వారు పికూఆహ్ నెఫెష్ అంటారు. ప్రాణరక్షణ అని అర్థం.

మనం కూడా నిర్గమకాండము 12వ అధ్యాయం చదివినవారమే. మొట్టమొదటి పస్కా రాత్రి కూడా తెల్లవారే వరకు ఎవరూ ఇంటి నుండి బయటకు రాకూడదన్నదే మోషే చెప్పిన మాట. తలుపు మూసుకుని ఆచరించిన పండుగ అది. కనుక తలుపు మూయడం అవిశ్వాసమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

రెండవసారి

ఎండాకాలంలో కట్టుబాట్లు సడలించిన తరువాత అక్కడ రోగం మళ్ళీ పెరిగింది. 2020 సెప్టెంబరులో సుమారు 90 లక్షల జనాభాలో ఒక్కరోజుకు 8 వేలకు పైగా కేసులు వచ్చిన రోజులున్నాయి. ఆ కాలంలోనే వారి పెద్ద పండుగలు వరుసగా వచ్చాయి. నూతన సంవత్సరమైన శృంగధ్వని పండుగ, ప్రాయశ్చిత్తార్థ దినము, పర్ణశాలల పండుగ. సెప్టెంబరు 18న, నూతన సంవత్సరం మొదలయ్యే రోజు మధ్యాహ్నం 2 గంటలకు దేశమంతా రెండవ లాక్‌డౌన్ పెట్టారు. ఇంటి నుండి వెయ్యి మీటర్ల దూరం వరకే వెళ్ళవచ్చు. ప్రార్థనలు ఆరుబయట చిన్న గుంపులుగా జరిగాయి. ఇళ్ళ బాల్కనీల మీద, అపార్టుమెంటుల కింద నిలబడి ప్రార్థించారు. బూర ఊదేవారు వీధి మూలన నిలబడి ఊదితే కిటికీల నుండి విన్నారు. పర్ణశాలల పండుగలో అతిథులను పిలవడం వారి ఆచారం. ఆ ఏడు మాత్రం ఒకరి పర్ణశాలకు మరొకరు వెళ్ళరాదన్నారు.

అందరూ పాటించారని మేము చెప్పడం లేదు. కొన్నిచోట్ల పెద్ద గుంపులతో ప్రార్థనలు, పెండ్లిళ్ళు జరిగాయి. మరోవైపు యెరూషలేములో ప్రధానమంత్రి ఇంటి ముందు నిరసన సభలు జరిగేవి. వారికి లేని అడ్డు మాకెందుకని భక్తులు అడిగారు, వీరికి లేని అడ్డు మాకెందుకని నిరసనకారులు అడిగారు. మన ఊళ్ళో మార్కెట్టు తెరిచి గుడి, మసీదు, చర్చి మూశారన్న వాదన విన్నవారికి ఇది తెలిసినదే. అయినా మెజారిటీ జనం ఇళ్ళలో ఉన్నారు. కేసులు తగ్గాయి. అక్టోబరు 18 నుండి కట్టుబాట్లు ఒక్కొక్కటిగా తీశారు. డిసెంబరులో టీకాలు మొదలుపెట్టి 60 ఏళ్ళు దాటినవారికి ముందుగా వేశారు. 2021 మార్చి 27 సాయంత్రం పస్కా వచ్చేసరికి దేశంలో దాదాపు సగం మందికి రెండు డోసులు పడ్డాయి. ఆ ముసలమ్మ బల్ల చుట్టూ మనుమలు మళ్ళీ కూర్చున్నారని ఆ తల్లి మాకు చెప్పింది. ఒక పస్కా విడిచిపెట్టినందున తరువాతి పస్కా దక్కింది.

మేము చేసిన తప్పు

ఇంతవరకు చెప్పినది తలుపు మూయడం గురించి. తలుపు మూసినప్పుడు లోపల ఎవరుండాలన్నది రెండవ సంగతి. అది చెప్పాలంటే మా తప్పు ఒప్పుకోవాలి.

2020 ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ కేసులు అప్పటి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. మన నంద్యాల ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధన చర్చిలో జరగలేదు. ఇళ్ళలోనే చేసుకున్నాము. అది సరైన పనే. కాని మేము భయంలో ఇంకొక అడుగు వేశాము. కోవిడ్ లేని రోగుల దగ్గర కూడా ఎవ్వరినీ ఉండనివ్వలేదు. ఆ ఆగస్టులో పక్షవాతంతో ఒక పెద్దాయన చేరారు. కుమారుడు గేటు బయట వేపచెట్టు కింద రెండు రోజులు కూర్చున్నాడు. "నన్ను ఒక్కణ్ణి పోనియ్యండమ్మా" అని మమ్మల్ని అడిగాడు. రూలు అన్నాము. మూడవ రోజు తెల్లవారుజామున పెద్దాయన పోయారు. మేము పక్కనే ఉన్నాము, చేయి పట్టుకున్నాము. కాని మేము ఆయనకు కొత్తవారము. మాస్కు, కిట్టు లోపల మా ముఖం కూడా ఆయనకు కనపడలేదు. ఆ కుమారుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది మాకు ఇంకా బాధ.

ఆ ఏప్రిల్‌లోనే టెల్ అవీవ్ నగరంలోని ఇఖిలోవ్ ఆసుపత్రివారు, చనిపోబోతున్న కోవిడ్ రోగుల దగ్గరకు కుటుంబంలో ఒకరికి రక్షణ దుస్తులు తొడిగి లోపలికి పంపడం మొదలుపెట్టారని తరువాత తెలుసుకున్నాము. అంత ప్రమాదంలో వారు చేయగలిగినది, కోవిడ్ లేని వార్డులో మేము చేసి ఉండవచ్చు. ఒక గౌను, ఒక మాస్కు, చేతులు కడుక్కోవడానికి సబ్బు, అంతే కావలసింది.

ఆ దేశంలో వృద్ధులున్న ఎన్నో ఇళ్ళలో తలుపు మూసినా లోపల ఒకరు ఉన్నారు. ఆ ఒకరు చాలాచోట్ల మన ఊళ్ళ నుండి వెళ్ళిన బిడ్డే. కొడుకులు ఇరవైమంది రాలేని రాత్రి, మన పాములపాడు బిడ్డ ఆమె పళ్ళెంలో పులియని రొట్టె విరిచి పెట్టింది. ఆ బిడ్డకు మాత్రం ఆ ఏడు సెలవు లేదు, విమానం లేదు, ఇక్కడ షుగరుతో ఉన్న తన తల్లి పక్కన ఎవరూ లేరు. ఇది కూడా మనం మరువకూడదు. 2023 అక్టోబరులో అక్కడ యుద్ధం వచ్చినప్పుడు కూడా చాలామంది ఆ వృద్ధులను విడిచిపెట్టి రాలేదు. వారి కోసం, అక్కడ నలిగిన అన్ని జనముల కోసం మన ప్రార్థనలు ఉండాలి.

మా మనవి

కోవిడ్ ప్రపంచ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయినా చలికాలపు జలుబు, ఫ్లూ, న్యుమోనియా ఎక్కడికీ పోలేదు. కుర్రవాడికి రెండు రోజుల దగ్గు, ఆయాసమున్న తాతకు రెండు వారాల ఆసుపత్రి కావచ్చు. కాబట్టి ఈ పండుగలకు మేము కోరేది ఇంతే.

ఇంట్లో మంచానపడిన పెద్దవారుంటే, వారి దగ్గర ఎవరుండాలో పండుగకు ముందే కూర్చుని నిర్ణయించండి. ఒకరి మీదనే వేయకండి. ఎప్పుడూ కోడలి మీదనే పడుతుంది. ఆమెకు కూడా వారానికి ఒక పూట విశ్రాంతి ఇచ్చి, కొడుకులు, కూతుళ్ళు వంతు వేసుకోండి.

జ్వరం, దగ్గు, జలుబు ఉన్నవారు ఆ వారం పెద్దవారి గదిలోకి వెళ్ళకండి. వాకిట్లో నిలబడి పలకరించండి. ఇది అగౌరవం కాదు. దగ్గరకు వెళ్ళేవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. చలి అని కిటికీలన్నీ బిగించకండి, గాలి ఆడనివ్వండి.

పండుగ సందడిలో బి.పి., షుగరు మాత్రలు మానివేయకండి. భక్ష్యాలు, పాయసం ఒక ముద్ద పెట్టండి, పళ్ళెం నిండా పెట్టకండి. ఫ్లూ టీకా వేయించవచ్చునా అని డాక్టరుగారిని అడగండి.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆటో నిండా రాకండి. ఒకరు వచ్చి రాత్రికి ఉండండి. మిగిలినవారు ఫోను చేయండి, ఆ ఫోను రోగి చెవి దగ్గర పెట్టే బాధ్యత మాది. ఆ ఒక్కరిని ఇకమీదట మేము గేటు దగ్గర ఆపము. కుర్చీ వేస్తాము. ఈ మాట మేము పెద్దాయన కుమారుని గుర్తుచేసుకుని ఇస్తున్నాము.

దేవుడు మీ ఇళ్ళలోని పెద్దలను, వారి పక్కన మేలుకుని ఉండేవారిని కాపాడును గాక.