ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనిపించే సార్

గత నెల మా ఊరి జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ఎంటెక్ అయిపోయి ఏడాది దాటింది, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోర్సులు చేస్తున్నాడు. ‘అన్నా, ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు నా సర్టిఫికెట్లు అడుగుతున్నారు. రోజూ వెళ్లక్కర్లేదట. ఇన్‌స్పెక్షన్ ఉన్న రోజు ఫార్మల్స్ వేసుకుని వస్తే చాలట. ఇచ్చేయనా?’ అన్నాడు. వాళ్లు ఇస్తామన్న డబ్బు వాడి మూడు నెలల హాస్టల్ ఫీజుకు సరిపోతుంది. ‘నేనేం తప్పు చేస్తున్నానన్నా, సంతకమేగా’ అని కూడా అన్నాడు.

వెంటనే ‘వద్దురా’ అనేశాను. ఎందుకు వద్దో మాత్రం అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ నాటకంలో నాకూ ఒక చిన్న వేషం ఉంది.

మా బీటెక్ మూడో ఏడాది. రేపు ఇన్‌స్పెక్షన్ అనగా ల్యాబుల్లో దుమ్ము దులిపారు, పాడైన కంప్యూటర్లను వెనక వరసలోకి నెట్టారు. తెల్లారి చూస్తే స్టాఫ్ రూమ్ నిండా మేం ఎప్పుడూ చూడని సార్లు, మేడమ్‌లు. అందులో ఒకాయన్ని చూపించి, ‘ఈయన మీకు మైక్రోప్రాసెసర్స్ చెబుతారు, అడిగితే అలాగే చెప్పండి’ అన్నారు. కమిటీ వాళ్లు నన్నే అడిగారు. ‘అవును సార్, బాగా చెబుతారు’ అన్నాను. నిజానికి ఆ సబ్జెక్టు సగం సిలబస్ మేం సీనియర్ల నోట్సు చూసి చదువుకున్నాం. ఆ ‘బాగా’ అన్న మాట నేను సొంతంగా కలిపింది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇది కొత్త విషయం కాదు, మీలో చాలామంది చూసే ఉంటారు. దీని వెనక లెక్క చాలా సింపుల్. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలి. ఒక బ్రాంచిలో 60 సీట్లు, నాలుగేళ్లకు కలిపి 240 మంది అనుకుంటే 12 మంది ఫ్యాకల్టీ కావాలి. ఐదు బ్రాంచిలుంటే 60 మంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే బీటెక్‌తో పాటు ఎంటెక్ కూడా ఉండాలి. ఇంతమందికి నెలనెలా జీతాలివ్వడం కన్నా, కొందరి సర్టిఫికెట్లు ‘అద్దెకు’ తెచ్చుకుని ఫైలులో పెట్టడం యాజమాన్యానికి చవక. కాగితం మీద 60 మంది, క్లాసుల్లో 35 మంది. మిగిలిన వాళ్ల క్లాసులు ఎవరు చెబుతారంటే, ఉన్నవాళ్లే రెండేసి మూడేసి సబ్జెక్టులు లాగుతారు. లేదా ఎవరూ చెప్పరు.

ఈ బాగోతం పెద్ద ఎత్తున బయటపడింది తమిళనాడులో. 2024 జులైలో అరప్పోర్ ఇయక్కం అనే సంస్థ అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల ఫ్యాకల్టీ జాబితాలను పక్కపక్కన పెట్టి చూసింది. 353 మంది ఒకటి కన్నా ఎక్కువ కాలేజీల్లో ‘ఫుల్‌టైమ్’ పనిచేస్తున్నట్టు తేలింది. వాళ్లలో కొందరు పదేసి కాలేజీల్లో కూడా ఉన్నారు. తర్వాత యూనివర్సిటీ సొంతంగా లెక్క తీస్తే, 189 మంది కలిసి దాదాపు 2,000 పోస్టులను నింపేశారని అప్పటి వైస్ చాన్స్‌లరే చెప్పారు. ఆధార్ నంబర్లు మార్చి ఇవ్వడంతో సిస్టమ్ పట్టుకోలేకపోయిందట.

ఇక్కడ టెక్ బ్లాగర్‌గా నాకు ఒక్క మాట అనాలని ఉంది. ఆ సంస్థ దగ్గర సూపర్ కంప్యూటర్ ఏమీ లేదు. పేరు, పుట్టినతేదీ పోల్చి చూశారు, అంతే. డీబీఎంఎస్ ల్యాబ్‌లో రెండో ఏడాది స్టూడెంట్ రాసే క్వెరీ అది. రెండు టేబుళ్లు జాయిన్ చేసి, కౌంట్ ఒకటి దాటిన పేర్లు తీయడమే. ఇన్నాళ్లూ ఆ డేటా పెట్టుకుని కూర్చున్న వాళ్లు ఆ క్వెరీ ఎందుకు రన్ చేయలేదు? నాకు తెలిసి ఇది సాంకేతిక సమస్య కాదు, చూడాలని ఎవరికీ లేకపోవడం.

పొరుగు రాష్ట్రం కథే అనుకోకండి. 2018 జనవరిలో ఉన్నత విద్య సర్వే నివేదిక విడుదల చేస్తూ, ఆధార్ సేకరించాక దేశవ్యాప్తంగా 80 వేల మందికి పైగా ఇలా ఒకటికి మించి చోట్ల పనిచేస్తున్నట్టు తేలిందని అప్పటి కేంద్ర మంత్రి ప్రకాశ్ జావడేకర్ చెప్పారు. మన దగ్గర 2014లో హైదరాబాద్ జేఎన్‌టీయూ ఫ్యాకల్టీ, ల్యాబులు సరిగా లేవని వందకు పైగా కాలేజీలకు అఫిలియేషన్ ఇవ్వలేదు. విషయం కోర్టుల దాకా వెళ్లింది. ఆ తర్వాత బయోమెట్రిక్ హాజరు వచ్చింది. వేలిముద్ర వేసి వెళ్లిపోయేవాడు క్లాసులో పాఠం చెప్పాడో లేదో ఆ మెషీన్‌కు తెలియదనుకోండి, అది వేరే సంగతి.

సరే, పట్టుబడితే ఏం జరుగుతుంది? మన చదువుల వ్యవస్థలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా కనిపించేది ఇక్కడే.

ప్రభుత్వ కాలేజీ లెక్చరర్ మీద ఆరోపణ వస్తే దానికో పద్ధతి ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1991 నాటి సీసీఏ రూల్స్ వర్తిస్తాయి. ముందు చార్జ్ మెమో ఇస్తారు. జవాబు చెప్పుకోడానికి గడువు ఉంటుంది. విచారణాధికారి సాక్ష్యాలు చూస్తాడు, ఆయన నివేదిక కాపీ మీకూ ఇవ్వాలి, మీ వాదన విన్నాకే శిక్ష వేయాలి. ఆ శిక్షల్లోనూ మెట్లున్నాయి. మందలింపు, ఇంక్రిమెంట్ ఆపడం చిన్నవి. హోదా తగ్గించడం, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, డిస్మిసల్ పెద్దవి. తొలగింపు, డిస్మిసల్ ఒకటే అనుకుంటారు చాలామంది. కాదు. తొలగించిన వ్యక్తి మళ్లీ సర్కారు కొలువుకు ప్రయత్నించొచ్చు, డిస్మిస్ అయినవాడికి మామూలుగా ఆ దారి మూసుకుపోతుంది. పేపర్లో ‘సస్పెండ్ చేశారు’ అని చదవగానే శిక్ష పడిందనుకుంటాం. అదీ కాదు, సస్పెన్షన్ విచారణ అయ్యేదాకా పక్కన కూర్చోబెట్టడం మాత్రమే. ఆ కాలంలో జీవనభృతి కూడా ఇస్తారు. డీఎస్సీకో, జేఎల్ పోస్టులకో చదువుతున్నవాళ్లు ఇవి తెలుసుకుని ఉండటం మంచిది.

మరి ప్రైవేటు కాలేజీలో? 1982 నాటి విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రైవేటు సంస్థల సిబ్బందిని కూడా విచారణ లేకుండా డిస్మిస్ చేయకూడదనే చెబుతుంది. ఆచరణలో నేను చూసింది వేరు. నిజంగా పాఠం చెప్పే లెక్చరర్ జీతం బకాయి అడిగితే ‘రేపట్నుంచి రావద్దు’ అని వాట్సాప్ మెసేజ్ వస్తుంది. పాఠం చెప్పని దొంగ ఫ్యాకల్టీ బయటపడితే మాత్రం పేరు జాబితాలోంచి తీసేస్తారు. వచ్చే ఏడాది అదే పేరు ఇంకో కాలేజీ జాబితాలో తేలుతుంది. అంటే తప్పు చేయనివాడికి విచారణ లేని శిక్ష, చేసినవాడికి శిక్ష లేని సెలవు.

కారణం ఏంటంటే, మన దగ్గర టీచర్ అనే వృత్తికి రిజిస్టర్ లేదు. డాక్టర్‌కు ఉంది, అందుకే రెండు మెడికల్ కాలేజీల్లో ఫ్యాకల్టీగా ఒకేసారి డిక్లరేషన్ ఇచ్చిన డాక్టర్ల పేర్లను మెడికల్ కౌన్సిల్ కొంతకాలం రిజిస్టర్ నుంచి తీసేసిన సందర్భాలున్నాయి. లాయర్‌కు ఉంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం కింద బార్ కౌన్సిల్ మందలించొచ్చు, ప్రాక్టీసు ఆపొచ్చు, పేరే కొట్టేయొచ్చు. ఇంగ్లండ్‌లో స్కూలు టీచర్ల మీద ఫిర్యాదులను టీచింగ్ రెగ్యులేషన్ ఏజెన్సీ విచారిస్తుంది. నిషేధం పడితే ఆ ఉత్తర్వును కారణాలతో సహా ఆన్‌లైన్‌లో పెడతారు, ఎవరైనా చదువుకోవచ్చు. ఆ మనిషి ఊరు మారినా, స్కూలు మారినా ఆ రికార్డు వెంటే వస్తుంది. మన దగ్గర వెంట వచ్చేది సర్టిఫికెట్ల ఫైలు ఒక్కటే.

ఇక మా జూనియర్ ప్రశ్నకు వద్దాం. ‘సంతకమేగా’ అన్నాడు కదా. ఆ సంతకం కింద రాసి ఉండేది ‘నేను ఈ కాలేజీలో ఫుల్‌టైమ్ పనిచేస్తున్నాను’ అని. అది అబద్ధమని తెలిసీ పెట్టిన సంతకం. వ్యవహారం పోలీసుల దాకా వెళితే భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318, ఫోర్జరీకి 336, నకిలీ పత్రం వాడటానికి 340 సెక్షన్లున్నాయి. ఏ సెక్షన్ నిలుస్తుందన్నది కేసును బట్టి. కానీ ఎఫ్‌ఐఆర్‌లో పేరుంటే పాస్‌పోర్టు, సర్కారు ఉద్యోగం వెరిఫికేషన్ దగ్గర ఎన్ని తిప్పలో మీకు చెప్పక్కర్లేదు.

అంతదాకా వెళ్లకపోయినా ఇంకోటి ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. కాలేజీ వాళ్లు లెక్కల కోసం మీ పేరున బ్యాంకులో జీతం వేసినట్టు చూపిస్తారు. కొన్నిచోట్ల ఏటీఎం కార్డు, సంతకం చేసిన చెక్కులు కూడా ముందే తీసుకుంటారని చేసినవాళ్లే చెబుతారు. పీఎఫ్ కట్టినట్టు చూపిస్తే మీ యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో ఆ కాలేజీ పేరు ఎక్కుతుంది. టీడీఎస్ చూపిస్తే 26ఏఎస్‌లో పడుతుంది. రేపు మీకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు యూఏఎన్ తీస్తారు. మీరు రెజ్యూమెలో రాయని ఉద్యోగం ఒకటి, అదీ ఇంకో ఉద్యోగం తేదీలతో కలిసిపోయి కనిపిస్తుంది. ‘డ్యుయల్ ఎంప్లాయ్‌మెంట్’ అని ఫ్లాగ్ చేస్తే ఆఫర్ లెటర్ వెనక్కి పోవచ్చు. అప్పుడు మీరు చెప్పగలిగే నిజం ఒకటే: ‘నేను అక్కడ పనిచేయలేదు, చేసినట్టు సంతకం పెట్టాను.’ ఏ హెచ్‌ఆర్ దగ్గర చెప్తారు దాన్ని?

సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లందరూ దుర్మార్గులని నేను అనను. ఎంటెక్ చేసి, నెలకు ఏఐసీటీఈ స్కేల్‌లో మూడో వంతు కూడా రాని జీతానికి, అదీ నెలల తరబడి బకాయి పెడితే, వాడేం చేస్తాడు? చాలామందికి ఆ ‘అద్దె’ ఆకలి తీర్చే డబ్బు. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. నిజంగా పాఠం చెప్పడానికి సిద్ధంగా ఉన్న ఇంకో ఎంటెక్ వాడి ఉద్యోగం నుంచి వస్తుంది. 25 మంది దొంగ ఫ్యాకల్టీ ఉన్న కాలేజీలో 25 నిజమైన ఉద్యోగాలు మాయమైనట్టే. జీతాలు పెరగకపోవడానికి ఇదీ ఒక కారణం. మనిషి అవసరం లేదు, కాగితం చాలనుకున్నప్పుడు మనిషికి జీతం ఎందుకు పెంచుతారు?

అందుకే పట్టుబడిన లెక్చరర్ల మీద నిషేధం పెట్టి చేతులు దులుపుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. జాబితా తయారుచేసింది, అప్‌లోడ్ చేసింది, దానివల్ల సీట్లు తెచ్చుకున్నది యాజమాన్యం. మొదటి చర్య అక్కడ మొదలవ్వాలి. సీట్ల కోత, అడ్మిషన్ల నిలిపివేత లాంటి అధికారాలు ఏఐసీటీఈకి ఉన్నాయి, వాడితే చాలు. లెక్చరర్ల విషయానికొస్తే రెండు రాష్ట్రాల్లోని యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఒకే ఫ్యాకల్టీ రిజిస్టర్ కావాలి. ఎవరు ఎక్కడ, ఎప్పటి నుంచి పనిచేస్తున్నారో విద్యార్థి ఫోన్లో చూసుకునేలా ఉండాలి. ఎవరి మీదైనా చర్య తీసుకోవాలంటే సర్కారు లెక్చరర్‌కు ఉన్నట్టే నోటీసు, జవాబు, విచారణ, అప్పీలు ఉండాలి. అప్పుడే వాట్సాప్ డిస్మిసల్స్ కూడా ఆగుతాయి.

ఇవన్నీ అయ్యేలోపు, నిజంగానే టీచింగ్‌లోకి వెళ్లాలనుకునేవాళ్లు కొంచెం జాగ్రత్త పడండి. చేరిన రోజే తేదీ, హోదా, జీతం రాసి ఉన్న అపాయింట్‌మెంట్ ఆర్డర్ అడగండి. ఒరిజినల్స్ వెరిఫికేషన్‌కు చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఉంచుకుంటామని పట్టుబడితే కనీసం రసీదు రాయించుకోండి. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ తీసుకుని, ఫలానా తేదీన మానేశానని కాలేజీకి, యూనివర్సిటీకి మెయిల్ పెట్టండి. కాలేజీలు వెబ్‌సైట్‌లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ పేరుతో ఫ్యాకల్టీ వివరాలు పెట్టాలన్న నిబంధన ఉంది. అప్పుడప్పుడు తెరిచి చూసుకోండి. చదువుకునేవాళ్లు కూడా చూడండి. మీకు పాఠం చెబుతున్నట్టు అందులో ఎవరి పేర్లున్నాయో, వాళ్లను మీరు ఎప్పుడైనా చూశారో లేదో.

మా క్లాస్‌మేట్ ఒకడు ఎంటెక్ తర్వాత ఏడాదిన్నర ఒక కాలేజీలో పాఠాలు చెప్పి, మానేసి బెంగళూరు వెళ్లిపోయాడు. జూనియర్ ఫోన్ తర్వాత నేను చెప్పగా ఆ పేజీ తెరిచి చూసుకున్నాడు. మానేసి మూడేళ్లయినా తన పేరు, ఫొటో అక్కడే ఉన్నాయి. పైగా అసోసియేట్ ప్రొఫెసర్‌గా ప్రమోషన్ కూడా ఇచ్చారు. వాడు నవ్వాడు, తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఆ రాత్రే కాలేజీకి, యూనివర్సిటీకి మెయిల్ పెట్టాడు. వారానికి ఫొటో తీసేశారు. పేరు మాత్రం, నేను ఇది రాసే రోజు వరకు, ఆ జాబితాలో 17వ నంబర్ దగ్గర అలాగే ఉంది.