నీకోసం ఏం సంపాదించుకున్నావ్?

1965లో కెన్యా దేశంలోని కాండారాలో బహిరంగ సభ. దేశాధ్యక్షుడు జోమో కెన్యాట్టా మైకు ముందు నిలబడి, ఆ ప్రాంతపు ఎం.పి. బిల్డాడ్ కగ్గియాను జనం ముందే నిలదీశాడు. మనమంతా కలిసి జైల్లో ఉన్నవాళ్లమే కదా, ఒకడు కాఫీ తోట వేశాడు, ఒకడు పెద్ద ఇల్లు కట్టాడు, ఒకడు బస్సులు తిప్పుతున్నాడు, మరి నువ్వు నీకోసం ఏం చేసుకున్నావని అడిగాడు.

ఆలోచించండి. సంపాదించుకోకపోవడమే నేరమైంది!

ఎవరీ కగ్గియా? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. తిరిగొచ్చాక కార్మిక సంఘాల్లో తిరిగాడు. 1952లో తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టి పట్టుకుపోయిన ఆరుగురిలో ఒకడు. 1953లో కాపెంగురియా కోర్టు కెన్యాట్టాతో పాటు ఇతనికీ ఏడేళ్ల కఠిన శిక్ష వేసింది.

1963లో స్వాతంత్ర్యం వచ్చింది. కగ్గియా విద్యాశాఖలో ఉపమంత్రి స్థాయి పదవిలో కూర్చున్నాడు. కుర్చీ దొరికింది కదా అని భూమి మాట మరిచిపోలేదు.

తెల్లవాళ్లు లాక్కున్న మంచి భూముల్ని కొత్త సర్కారు ఊరికే తీసుకోలేదు. బయటి అప్పులు తెచ్చి డబ్బిచ్చి కొన్నది. ఆ అప్పు తీర్చే భారం భూమి పొందిన పేదోడి నెత్తిన పెట్టింది. తాత పోగొట్టుకున్న నేలకు మనవడు వాయిదాలు కట్టాలన్నమాట! అడవుల్లో పోరాడి వచ్చిన మావు మావు యోధుల చేతిలో ఏముంది వాయిదా కట్టడానికి?

దొంగసొత్తుకు ధరేమిటని కగ్గియా అడిగాడు. భూమి లేనోళ్లకి ఉచితంగా ఇవ్వమన్నాడు. సర్కారులో ఉండి సర్కారునే తప్పుపడతావా అని పైనుంచి తాఖీదు వచ్చింది. 1964లో పదవి పోయింది. మాట మాత్రం మార్చలేదు.

1966లో ఒగింగా ఒడింగాతో కలిసి కెన్యా పీపుల్స్ యూనియన్‌లోకి వెళ్లాడు. అధికార యంత్రాంగమంతా ఎదురు నిలిచిన ఉప ఎన్నికలో కాండారాలోనే ఓడిపోయాడు. 1968లో అనుమతి లేని సభ పెట్టాడని జైలుకు పంపారు. 1969లో ఆ పార్టీనే నిషేధించారు.

ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. చివరికి కగ్గియా కూడా పాత పార్టీకే తిరిగి వెళ్లాడు. ఒంటరిని చేస్తే ఎంతటి మొండివాడికైనా నడుం వంగుతుంది. కానీ మంత్రిగిరీని ఎకరాలుగా మార్చుకోలేదు. పిండిమర నడుపుకుని బతికాడు. 2005లో చనిపోయాడు.

సోదరులారా, కెన్యాట్టా వేసిన ప్రశ్న పాలకుల ప్రశ్న. మనోళ్లు మంత్రులైతే మనకి పొంగు వస్తుంది, రావాలి కూడా. కానీ వాళ్ల కారుని చూసి చప్పట్లు కొట్టామంటే మనమూ ఆ ప్రశ్నే వేస్తున్నట్టు. మనం అడగాల్సింది ఒక్కటే: మాకు భూమి ఏదయ్యా?

అలా అడిగే మంత్రి ఎప్పుడైనా దొరికితే, అతన్ని కాండారాలోలా ఒంటరిగా వదిలేయకండి.