గుండ్లకమ్మ ఒడ్డున

ఒంగోలుకు ఉత్తరంగా సుమారు 10 మైళ్ల దూరాన, గుండ్లకమ్మ తీరంలో వెల్లంపల్లి అనే గ్రామం ఉంది. 1878 జులై 3న అక్కడి ఏటిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెల్లవారిన కొద్దిసేపటికి మొదలైన కార్యం, మధ్యాహ్నపు విరామం మినహా, సాయంత్రం దాకా సాగింది. బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచారు. ఒక జంట అలసిపోతే మరో జంట దిగింది. ఆ బోధకులందరూ తెలుగువారే. ఒంగోలు సంఘానికి పెద్ద అయిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఆనాడు తన చేతులతో ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

భక్తి పుటలో ఈ ప్రస్తావన ఎందుకని పాఠకులు శంకించవచ్చు. ఈ ఘట్టం గురించి మన ఇళ్లలో తరతరాలుగా ఒక మాట వినిపిస్తూ వస్తోంది. ‘ధాత కరవులో కూటికోసం మతం మారారు’ అన్నదే ఆ మాట. ఎంతో సులువుగా అనేసే ఈ మాట నిజమేనా అని ఒక్కసారైనా విచారించడం ధర్మం.

1876-78 నాటి మహాక్షామం దక్షిణ దేశాన్ని దహించిన మాట వాస్తవం. యువకుడిగా భూమి కొలతల పనిలో ఆరితేరిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకానికి గుత్త తీసుకుని వేలాది మందికి పని కల్పించాడు. కూలి ఇచ్చాడు, గంజి పోయించాడు. అయితే ఆ 15 నెలల కాలంలో ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆకలి తీర్చుకోవడానికి వచ్చినవారెవరో, విశ్వాసంతో వచ్చినవారెవరో తేల్చుకోలేనన్న సంకోచమే అందుకు కారణం. సహాయ కార్యక్రమాలు ముగిశాక, ఇక ఇవ్వడానికి తనవద్ద ఏమీ లేదని చెప్పినా జనం కదలలేదనీ, చేతుల బొబ్బలు చూపి తమ కష్టం మీదే బతుకుతామన్నారనీ ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. అది ఒక పక్షంవారి కథనమే కావచ్చు. అన్నం పెట్టిన చేతిని వారు మరువలేదన్నదీ నిజమే. కాని కృతజ్ఞత వేరు, అమ్ముడుపోవడం వేరు.

అసలీ సంఘం క్షామంతో పుట్టలేదు. నెల్లూరు నుంచి వచ్చిన జ్యూయెట్ దంపతులు మరి ముగ్గురితో కలిసి 1854 జనవరి 1 వేకువన ఒంగోలు కొండమీద ప్రార్థించారు. 1866లో క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. దానిని పల్లెల్లోకి తీసుకుపోయినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు 40 మైళ్ల దూరాన ఉన్న తలకొండపాడు మాదిగపల్లెకు చెందినవాడాయన.

పేరయ్య చరిత్ర మన పాఠకులకు తప్పక తెలియవలసినది. ఆయన భగవచ్చింతన లేని మనిషి కాడు. క్రైస్తవాన్ని ఎరుగకముందే గురూపదేశం పొంది రాజయోగం అభ్యసించిన సాధకుడు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి శిష్యులలో కక్కయ్యది మాదిగ కులమని సంప్రదాయం చెబుతుంది. ఆ వెలుగు ఆ పల్లెలకు కొత్త కాదన్నమాట. జ్ఞానమార్గం వారి గుడిసె దాకా వచ్చింది. ఊరి దేవాలయం మాత్రం రానివ్వలేదు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు పేరయ్య క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందాడు. మరుసటి జనవరిలో ఆయన పల్లె పరిసరాలలోనే 28 మంది ఆ బాట పట్టారు.

అప్పుడే ఒంగోలులో మరో ముచ్చట జరిగింది. మాదిగలను చేర్చుకోకుంటే తాము వస్తామని కొందరు అగ్రవర్ణాలవారు క్లౌకు కబురు చేశారు. మాదిగ పిల్లలు బడికి వస్తారనగానే పెద్ద కులాల విద్యార్థులు బడి మానేశారు. క్లౌ దంపతులు విడివిడిగా గ్రంథం తెరవగా ఇద్దరికీ ఒకే పుట, అల్పులను దైవం ఎన్నుకున్నదనే భాగం, కనిపించిందట. యాదృచ్ఛికమో మరొకటో గాని నిర్ణయం మాత్రం జరిగిపోయింది. వచ్చినవారికే తలుపు తీశారు.

చేరినవారికి విధించిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. మూడోది మనబోటివారి మనసును నొప్పిస్తుంది, నా మనసునూ నొప్పించింది. అయితే ఊరిలో నిప్పు రాజేసింది ఈ సిద్ధాంత భేదం ఒక్కటే కాదు. జాతర్లలో డప్పు కొట్టబోమని వారనడం, ఆదివారం వెట్టికి రాకపోవడం పెద్దలకు మింగుడు పడలేదు. బావి మూసేశారు, కళ్లంలో గింజలు ఆపేశారు. కూటికోసమే మారినవారైతే, కూడు పోయే దారి ఎందుకు పడతారు?

1882 నాటికి ఒంగోలు సంఘం సభ్యుల సంఖ్య 20 వేలు దాటింది. ఆ సంఘమూ కులాన్ని దాటిపోయిందనలేం. మాదిగలున్న చోటికి మాలలు రావడానికి చాలాకాలం వెనుకాడారు. బయట ఉన్న గీత లోపలికీ వచ్చిందన్నమాట.

మన వైపు లెక్క కూడా చూసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టం వచ్చింది 1947లో. ఒంగోలులో ఆ ఎనిమిది మంది కూడిన 80 ఏళ్లకు. రామానుజులు గోపురమెక్కి మంత్రం చాటిన కథ, కక్కయ్య కథ మనం ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. ఆ 80 ఏళ్లలో రాజయోగం నేర్చిన పేరయ్య వంటివాడు ధ్వజస్తంభం దాకానైనా వచ్చి నిలబడే వీలు ఏ ఊరిలో ఉండేది? ‘కూటికోసం’ అన్న మాట పిల్లల ముందు మళ్లీ అనబోయేటప్పుడు, ఆ ఊరి పేరు కూడా వారికి చెప్పగలమా?