బోరులో నీళ్లు పడ్డాయి.. తాగొచ్చా?

వానలు ముఖం చాటేస్తే ముందు చెరువు, తర్వాత బావి, ఆపైన పాత బోరు ఎండుతాయి. అప్పుడు బోరుబండి వచ్చి ఇంకా లోతుకు దించుతుంది. నీళ్లు పడగానే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. కరవు సమీక్షలు కూడా ఎన్ని ట్యాంకర్లు, మనిషికి ఎన్ని లీటర్లు అన్న దగ్గరే ఆగిపోతాయి. ఆ నీళ్లలో ఏముందో మీరే అడగాలి.

నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల్లో నేల కింద ఉన్నవి గట్టి రాతిపొరలు. లోతు పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి రాయిని అంటుకుని ఉంటుంది, రాతిలోని ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. మంచి వాన పడితే కొత్త నీరు ఇంకి దాన్ని పలచన చేస్తుంది. కరవులో అదీ లేదు. మన దేశంలో ఈ జబ్బు గురించి వైద్యులు 1937లోనే రాశారు, అదీ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మన పల్లెల్లో చూసే.

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకుంటే 1.5 వరకు ఫర్వాలేదన్నది మన ప్రమాణం. అయితే ఎండలో పొలం పనికి వెళ్లేవారు మామూలు కంటే చాలా ఎక్కువ నీళ్లు తాగుతారు. అన్నం, పప్పు వండేదీ ఆ నీళ్లతోనే. అంటే నీళ్లు అవే అయినా ఒంట్లోకి చేరే మోతాదు పెరుగుతుంది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు చిగుళ్ల లోపల శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. అప్పుడు ఫ్లోరైడ్ ఎక్కువైతే గారపళ్లు వస్తాయి, ఎంత తోమినా పోవు. ఏళ్ల తరబడి తాగితే నడుము, మెడ, కీళ్లు బిగుసుకుపోతాయి. ముదిరిన ఎముకల జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. కిడ్నీ జబ్బున్నవారిలో ఫ్లోరైడ్ సరిగా బయటికి పోదు, వారికి ముప్పు మరీ ఎక్కువ.

అలాగని నీళ్లు తాగడం తగ్గించొద్దు, వడదెబ్బ అంతకంటే ముందు తీస్తుంది ప్రాణం. తాగడానికి, వంటకు వాడే నీళ్లను మాత్రం వేరుగా చూసుకోండి. నదీ జలాలు వచ్చే నల్లా ఉంటే, రెండు రోజులకోసారి వచ్చినా సరే, ఆ నీటిని ఈ రెండింటికే దాచండి. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లు చాలు. మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌వో యంత్రం తీసేస్తుంది. కానీ ఇళ్లలో వాడే చాలా యంత్రాలు ఇచ్చే నీటికంటే పారబోసేదే ఎక్కువ, కరవులో అదో విడ్డూరం. ఆ వృథా నీటిలో ఫ్లోరైడ్ మరింత ఉంటుంది కాబట్టి దాన్ని మరుగుదొడ్డికి, గచ్చు కడగడానికే వాడండి. పటిక, సున్నంతో శుద్ధిచేసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉంది. అయితే పాళ్లు నీటిని బట్టి మారతాయి, పరీక్ష లేకుండా ఇంట్లో ప్రయత్నించొద్దు.

ట్యాంకరు నీళ్లు కూడా తరచూ అద్దెకు తీసుకున్న వ్యవసాయ బోరువే. ఏ బోరు నుంచి తెస్తున్నారో అడగండి. కొత్త బోరు వేసినా, పాతదాన్ని లోతు చేసినా గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు నమూనా పంపమని పంచాయతీని పట్టుపట్టండి. ఎన్నేళ్ల కిందటో ‘మంచివే’ అని తేలిన నివేదిక ఇప్పుడు ఆ బోరుకు చెల్లదు.