కాంటెస్సాకి ఏ గుండె పెడదాం?

పోయిన ఆదివారం క్రోసూరులో బస్సు దిగి మావయ్య గారింటికి వెళ్ళానో లేదో, "అల్లుడూ, సినిమా పేపర్లో రాస్తావు గదా, ఈ తగువు నువ్వే తేల్చాల" అంటూ చెయ్యి పట్టుకున్నాడు మావయ్య. తగువు పొలం గట్టు గురించీ కాదు, పెళ్ళి సంబంధం గురించీ కాదు. రేకుల షెడ్డులో మిరపకాయ బస్తాల పక్కన దుమ్ము కప్పుకుని పడుకున్న కాంటెస్సా గురించి!

పాత సినిమాలు చూసే కుర్రకారుకి ఈ కారు తెలియకపోదు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి ఒళ్ళు. విలన్‌గారు దిగడానికే పుట్టినట్టుండేది. అమెరికా మజిల్ కార్ల షోకు మన దేశంలో తయారైన బండ్లలో కాస్తో కూస్తో కనిపించేది దీన్లోనే. షోకు మాత్రమే సుమండీ! 1984లో హిందుస్థాన్ మోటార్స్ వారు ఇంగ్లండు వాక్స్‌హాల్ ఒంటికి మన అంబాసిడర్ ఇంజను తగిలించి వదిలారు. 1489 సీసీ, సుమారు 50 గుర్రాల బలం. భీముడి వేషం బక్కవాడి చేత కట్టించినట్టు! వారికీ తెలిసొచ్చింది కాబోలు, కొన్నేళ్ళకే జపాన్ ఇసుజు వారి 1.8 లీటర్ల ఇంజను పెట్టి 'క్లాసిక్' అన్నారు.

మావయ్యది ఆ బక్క భీముడే. "కొత్త కామన్‌రైల్ డీజిల్ ఎక్కిద్దాం బావా! తొక్కితే సత్తెనపల్లిలో తేలాలి" అంటాడు ఇంజనీరింగ్ చదివిన మా బావమరిది. "ఆ చప్పుడు పోతే అది నా కారెట్టా అవుద్దిరా?" అంటాడు మావయ్య.

ఈ తగువు అమెరికాలోనూ ఉంది లెండి. 1997లో కార్వెట్‌తో వచ్చిన ఎల్‌ఎస్ ఇంజను అక్కడి కుర్రాళ్ళకి ప్రాణం. తేలిక, బలం, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. పాత బండి ఏదైనా సరే దాన్ని ఇరికించేస్తారు. పెద్దవాళ్ళేమో పుట్టినప్పటి ఇంజను నంబరు మీద నంబరు ఉంటేనే కారంటారు. 1968లో వచ్చిన 'బుల్లిట్' చూశారా? ఛేజు జోరందుకున్నాక పాటా లేదు, వాద్యమూ లేదు. ఇంజన్ల మోతే సంగీతం. అందులో స్టీవ్ మెక్వీన్ తోలిన మస్టాంగ్‌ని 1974లో ఒక కుటుంబం కొనుక్కుని, ఇంటి బండిగా వాడుకుంది. తర్వాత మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు! సొట్టలూ మరకలూ తుడవకుండా 2020లో వేలానికి పెడితే 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది.

"మన కాంటెస్సా అంత పలుకుద్దా బావా?" అని నవ్వాడు బావమరిది. పలకదు. కానీ ఇంజను మార్చాలంటే ముందు ఆర్టీఓ అనుమతి కావాలి, ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాలి. గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, రేడియేటరు, బ్రేకులు అన్నీ పాత బలం లెక్కకి కట్టినవి. ఇంజనొక్కటే మార్చి ఊరుకుంటే తొక్కడం తెలుస్తుంది గానీ ఆగడం తెలీదు. పైగా 2021లో వచ్చిన వింటేజ్ రూల్సు ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండికి ప్రత్యేక నంబరు రావాలంటే చాసీ, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. మావయ్య బండి 1986ది. ఇంకెన్నేళ్ళో మీరే లెక్కేసుకోండి.

అందుకే నా ఓటు పాత ఇంజనుకే వేశాను. బోరు చేయించి, కొత్త రింగులు వేయించి, హెడ్డు తీర్చమన్నాను. బావమరిది మొహం మాడ్చుకుని, "బ్లాకే పగిలుంటే?" అన్నాడు. మంచి ప్రశ్నే! అప్పుడు కంపెనీ వారే చేసిన పెళ్ళి మనమూ చేద్దాం, ఇసుజు పెట్రోలే వెతుకుదాం, డీజిల్ మాట మాత్రం ఎత్తొద్దన్నాను. అలా తండ్రీకొడుకులిద్దరికీ సగం సగం కోపం తెప్పించాను.

మెకానిక్ గురువారం వచ్చి హెడ్డు విప్పుతాడట. కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ అత్తయ్య అంది గదా: "ఏ ఇంజనైనా పెట్టుకోండి నాయనా, ముందు దాన్ని నా మిరపకాయల దగ్గర్నించి జరపండి!"