దీపం వెలిగినప్పుడు జేబు తడుముకోవలసిందేనా?

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన నాటి దీపం వెలుగునిచ్చేది. ఈనాడు మోటారు కారులో స్టీరింగు వెనుక మినుకుమనే దీపం వెలుగునివ్వదు, వార్తనిస్తుంది. ఆ వార్త శుభమో అశుభమో తెలియక, తెలిసినా చేత పైకము లేక, దాని వంక చూచీ చూడనట్లు బండి నడుపుతూ పోయే కుటుంబాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఇది కార్లున్న శ్రీమంతుల సమస్య గదా, కళాశాల సంచికలో దీని ప్రసక్తి దేనికని కొందరు విజ్ఞులు ప్రశ్నించవచ్చును. శ్రీమంతులకు ఇది సమస్యే కాదు. వారు దీపం వెలగగానే బండిని కంపెనీ షోరూముకు పంపి నిశ్చింతగా ఉండగలరు. చిక్కంతా చేతులు మారిన పాత కారును అప్పు చేసి కొని, దానినే అన్నదాతగా నమ్ముకొన్న వారిది.

మన కొత్తవాడ సంగతే చూడండి. ఇక్కడి మగ్గాల మీద పుట్టిన జంపఖానాలకు వరంగల్ దర్రీలన్న పేరిట 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు పెద్దదే గాని, ఆ నేత మీదనే ఇల్లు గడవడం కష్టమై మగ్గం విడిచి స్టీరింగు పట్టిన వారు లేకపోలేదు. కాజీపేట స్టేషను కిరాయిలు, ఆసుపత్రి కిరాయిలు, పెండ్లిళ్ళు, రెండేండ్లకొకసారి వచ్చే మేడారం జాతర - ఇవే వారి పంటలు. అట్టి ఇండ్ల నుండి వచ్చి మన తరగతులలో కూర్చున్న విద్యార్థులకు కారులోని దీపం కళాశాల ఫీజుకు సంబంధించిన విషయమని వేరుగా చెప్పనక్కరలేదు.

పేదవాడు అజాగ్రత్తపరుడు, బండిని పాడుచేసుకొని పిదప విలపిస్తాడు అనే మాట తరచుగా వినబడుతుంది. ఇది న్యాయమైన మాట కాదు. నెల జీతం లేనివాడు ప్రతి రూపాయికీ రెండు ద్వారాల ముందు నిలబడతాడు. బియ్యమా, బ్రేకులా? ఫీజా, సెన్సారా? వాయిదా వేయడం అతనికి సోమరితనం కాదు, ఒక నిర్ణయం. ఐతే ఆ నిర్ణయం తెలిసి చేస్తున్నాడా, తెలియక చేస్తున్నాడా అన్నదే ప్రశ్న. తెలిసి వేసిన వాయిదా పొదుపు. తెలియక వేసిన వాయిదా జూదం. ఈ రెంటికీ మధ్యనున్న గీతను గుర్తించడమే ఈ వ్యాసోద్దేశం.

పూర్వపు కార్లలో నూనె ఒత్తిడికి, నీటి వేడికి ముల్లు తిరిగే గడియారాలుండేవి. 1930ల దశకంలో అమెరికాలో హడ్సన్ కంపెనీ ముల్లుకు బదులు దీపం పెట్టింది. ముల్లు మెల్లగా జారుతూ ముందుగానే కథ చెప్పేది. దీపం కథ ముగియబోతున్నప్పుడు మాత్రమే కేక వేస్తుంది. అందుకే అక్కడివారు దానికి మూర్ఖుల దీపమని ఎగతాళి పేరు పెట్టారు. తరువాత కారులోకి కంప్యూటరు వచ్చింది. పొగలోని విషాన్ని అదుపుచేసే భాగాలను ఆ కంప్యూటరే పరీక్షించి, లోపాన్ని ఒక సంకేత సంఖ్యగా దాచి ఉంచాలని అమెరికాలో 1996 నుండి నియమమైంది. మన దేశంలో కొత్త కార్లకు ఈ ఏర్పాటు 2010లో తొలిమెట్టుగా, 2013లో పూర్తి రూపంలో వచ్చింది. కావున ఈనాడు సెకండ్ హ్యాండులో దొరికే కార్లలో చాలావరకు తమ జబ్బును తామే రాసిపెట్టుకొనేవే.

ఇక అసలు విషయం. దీపాలన్నీ ఒక్క జాతివి కావు. రంగే వాటి భాష. ఎరుపు ఆగమంటుంది; పసుపు విచారించమంటుంది.

ఎర్రని నూనె దీపం, అనగా నూనె కుండ గుర్తు, అన్నింటిలో ప్రమాదకరమైనది. చాలామంది దీనిని నూనె తగ్గిందన్న సూచనగా భావించి, సాయంత్రం పోయించుకోవచ్చునులే అనుకొంటారు. చాలా కార్లలో అది నూనె పరిమాణాన్ని చెప్పదు, ఒత్తిడి పోయిందని చెబుతుంది. ఒత్తిడి లేనిచో ఇంజనులో లోహం లోహంతో నేరుగా రాచుకొంటుంది. అప్పుడు మిగిలిన వ్యవధి నిమిషాలలోనే. వెంటనే పక్కకు తీసి, ఇంజను ఆపి, కొద్దిసేపు ఆగి, నూనె కడ్డీ తీసి చూడవలెను. తక్కువైతే పోయవలెను. సరిగా ఉండియు దీపం ఆరనిచో ఇంజను మరల తిప్పరాదు. బండిని లాగించుకొని పోవలసిందే. లాగుడు కిరాయి వందలలోనో వేలలోనో పోతుంది. ఇంజను పట్టేస్తే కొన్నిసార్లు పాత కారు ఖరీదే పోతుంది.

వేడి దీపమూ అట్టిదే. మన వరంగల్ వేసవిలో, నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఏ.సి. వేసుకొని జనగామ దారిలో పోయే బండికి ఇది తెలియని చుట్టం కాదు. ఇంకొక ఐదు కిలోమీటర్లేగదా అని నడిపితే సిలిండర్ హెడ్ వంగిపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. వంద రూపాయల రబ్బరు గొట్టం పగులు వేల రూపాయల పనిగా మారేది ఆ ఐదు కిలోమీటర్లలోనే. ఆపిన వెంటనే రేడియేటర్ మూత తీయడం మరొక ఘోరం. ఒత్తిడిలో మరుగుతున్న నీరు ముఖాన చిమ్ముతుంది. బ్యాటరీ గుర్తు వెలిగితే బ్యాటరీ పాడైందని అర్థం కాదు, దానికి చార్జి అందడం లేదని అర్థం. బెల్టు తెగి ఉండవచ్చు. కొన్ని బండ్లలో ఆ బెల్టే నీటి పంపును కూడ తిప్పుతుంది గనుక వేడి ముల్లును తప్పక చూడవలెను. బ్యాటరీ దీపం చూచి కొత్త బ్యాటరీ కొన్నవాడు జ్వరానికి దుప్పటి కొన్నవాని వంటివాడు.

పసుపు రంగు ఇంజను దీపం విషయం వేరు. అది మిటకరిస్తూ ఉంటే ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండకుండా బయటికి పోతున్నదని సూచన. ఆ పెట్రోలు సైలెన్సరు వరుసలోనున్న క్యాటలిటిక్ కన్వర్టరులో చేరి మండి దానిని నాశనం చేస్తుంది. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలుంటాయి; ఖరీదు ఊహించుకోవచ్చును. కావున మిటకరించే పసుపు ఎరుపుతో సమానం. మిటకరించక నిలకడగా వెలుగుతూ, బండి ఎప్పటివలె సాగుతూ, శబ్దంలో గాని వేడిలో గాని మార్పు లేనిచో పేదవానికి ఆలోచించుకొనే వ్యవధి ఉన్నది. ఐతే ఆ వ్యవధిని విచారణకు వాడుకోవాలి, మరపుకు కాదు.

విచారణ అనగా స్కానరు పెట్టించి సంకేత సంఖ్యను కాగితం మీద రాయించుకోవడం. ఇక్కడ ఒక మోసమున్నది. మెకానిక్కు చేసే మోసం కాదు, మన తొందర చేసే మోసం. సంకేతం జబ్బు లక్షణాన్ని చెబుతుందేగాని మందు చీటీ కాదు. పి-0171 అని వస్తే ఇంజనులోకి పోయే మిశ్రమంలో గాలి పాలు ఎక్కువైందని అర్థం. దానికి కారణం సెన్సారు కావచ్చు. పగిలిన చిన్న గాలి గొట్టమూ కావచ్చు. ముందు చవక కారణాలను పరీక్షించి, పిదపనే ఖరీదైన భాగాల జోలికి పోవలెను. సంఖ్య రాసుకొనకుండా దీపాన్ని తుడిపించడం కూడ తగదు. లోపం పోనంతవరకు దీపం తిరిగి వస్తుంది. లోపం కనబడిన క్షణంలో కంప్యూటరు దాచిన వివరాలు మాత్రం తుడిచిపెట్టుకొని పోతాయి.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ క్రింది లెక్కను గమనింతురు గాక. ఒక కారు లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చేదనుకొందాం. దీపం వెలిగిన పిదప 17కు పడిపోయిందనుకొందాం. నెలకు వేయి కిలోమీటర్లు తిరిగితే 50 లీటర్లు పట్టే చోట సుమారు 59 లీటర్లు పడుతుంది. లీటరు వంద రూపాయలనే లెక్క వేసినా నెలకు తొమ్మిది వందల నష్టం. మరమ్మతుకు ఐదు వేలగుననుకొని, ఆ ఐదు వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెల వడ్డీ నూట యాభై మాత్రమే. అనగా అంతటి పాపపు వడ్డీ కంటెను ఆ దీపమే ఎక్కువ వడ్డీ గుంజుతున్నది! ఆరు నెలలు ఆగితే మరమ్మతు ఖర్చును మించిన సొమ్ము పొగగా పోయి ఉంటుంది. మైలేజి తగ్గనిచో ఆగడమే ఉచితం. కావున ట్యాంకు నిండుగా పోయించి, మరల నిండుగా పోయించినప్పుడు ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టినవో రాసుకొనే అలవాటు పేదవాని సొంత స్కానరు. దానికి ఖర్చు పెన్సిలు ముక్క.

ఐతే ఈ లెక్క బ్రేకులకు వర్తించదు. చేతి బ్రేకు దించినా ఎర్రని బ్రేకు దీపం ఆరకుంటే ద్రవం తగ్గిందేమో, ప్యాడ్లు అరిగినవేమో, ఎక్కడైనా కారుతున్నదేమో చూడనిదే బండి కదలరాదు. ఇంజను పాడైతే నష్టం మనది. బ్రేకు తప్పితే దారిన పోయే వాని బిడ్డది. పసుపు రంగు ఏ.బీ.ఎస్. దీపం వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, కాని గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకొని జారవచ్చును. వానాకాలంలో దానిని వాయిదా వేయడం సాహసం కాదు, అపరాధం. మరొక సంగతి. సాధారణ మోటారు బీమా అరుగుదలను గాని యాంత్రిక వైఫల్యాన్ని గాని భరించదు. ఇంజను పట్టేసిన పిదప పాలసీ కాగితం చూచుకోవడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

వాయిదాలోని అసలు ప్రమాదం అలవాటు. మొదటి రోజు దీపం భయపెడుతుంది. పదవ రోజు పలకరిస్తుంది. నెల తిరిగేసరికి కనబడడమే మానుతుంది. ఇది చదువురాని వారి బలహీనత అనుకోరాదు. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలి ఏడుగురు మరణించారు. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయాలు మునుపటి ప్రయాణాలలోనే దెబ్బతినడం మహామహులైన ఇంజనీర్లు చూచియే ఉన్నారు. ఏమీ కాలేదు గనుక ఏమీ కాదనుకొన్నారు. డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఈ మనస్తత్వాన్నే తన 1996 నాటి గ్రంథంలో వివరించింది. దీనికి విరుగుడు ఒక్కటే: వాయిదాకు గడువు పెట్టడం. "ఫలానా తేదీ వరకు, లేదా ఐదు వందల కిలోమీటర్ల వరకు, ఈలోగా శబ్దం గాని వాసన గాని మారితే ఆ క్షణమే" అని రాసి స్టీరింగు దగ్గర అంటించుకొన్నవాడు దీపానికి బానిస కాడు.

దీపం మీద నల్ల టేపు అంటించడం, బల్బు తీసివేయడం, ఆపై ఆ బండిని మరొకరికి అమ్మడం - వీటి గురించి ఒక్క మాట. ఇది పొదుపు కాదు, తన అప్పును తెలియని వాని నెత్తిన రుద్దడం. కొనేవాడు కూడ తన జాగ్రత్తలో ఉండాలి. తాళంచెవి తిప్పగానే, ఇంజను స్టార్టు కాకమునుపు, హెచ్చరిక దీపాలు ఒకసారి వెలిగి పిదప ఆరిపోవాలి. అసలే వెలగని దీపం ఆరోగ్యం కాదు, నోరు నొక్కిన సాక్షి.

ఇందుకు మన కళాశాల చేయగలది ఉన్నది. ఒక సామాన్యమైన స్కానరు ఖరీదు పాఠ్యపుస్తకాల కట్ట ఖరీదును మించదు. కమిటీ పెద్దలు దానిని కొని, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచి, నెలకొక ఆదివారం విద్యార్థుల కుటుంబాల బండ్ల సంకేతాలను ఉచితంగా చదివి కాగితం మీద రాసి ఇవ్వవచ్చును. కార్ల పుస్తకాలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. ఏ గుర్తు ఏమి చెబుతుందో ఉర్దూ తెలుగు రెండింటిలోను ఒక పటంగా రాసి గోడకు తగిలించడం మన విద్యార్థులకు మించిన పని కాదు. దీనివలన షెడ్డు మెకానిక్కుల పొట్ట కొట్టినట్లగునని కొందరు సంశయించవచ్చును. అట్లు కాదు. జబ్బు పేరు తెలిసి వచ్చిన రోగి మంచి వైద్యునికి బరువు కాడు. సకాలంలో వచ్చిన చిన్న పని మెకానిక్కుకు కూడ డబ్బు ముట్టే పని. పూర్తిగా చెడి షెడ్డు ముందు నెలల తరబడి పడివుండే బండి ఇద్దరికీ నష్టమే.

కొత్తవాడ నేతగాడు పడుగులో ఒక పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేస్తాడు. ఆపినంతసేపు కూలి పోతుందని ఎరుగును. ఆపకపోతే జంపఖానాయే పోతుందని కూడ ఎరుగును. ఏ పోగుకు వెంటనే ఆపాలో, ఏ లోపాన్ని అంచు దాకా నేసి పిదప సరిదిద్దవచ్చునో అతనికి చెప్పనక్కరలేదు. ఆ వివేకాన్నే మగ్గం మీది నుండి స్టీరింగు దగ్గరకు తెచ్చుకోవాలి. పైకము లేకపోవడం మన తప్పు కాదు. కాని ఎరుపుకు ఆగడానికి, పసుపును విచారించడానికి, గడువును కాగితం మీద పెట్టడానికి పైకము అక్కరలేదు.